నాలుగు పేర్లు, ఒక్కడి చదువు

ఈమధ్య ఏ కాలేజీ పిల్లవాణ్ణి కదిలించినా ఒకటే మాట, "గ్రూప్ ప్రాజెక్టు తాతా" అని. ఏమిట్రా అది అంటే నలుగురు కలిసి ఒక వ్యాసం రాయాలట. ఎక్కడ కలిశారు? గూగుల్ డాక్స్‌లో. ఎవరు రాశారు? ఒకడు రాశాడు. తక్కిన ముగ్గురూ? పేర్లిచ్చారు. పోనీ ఆ ఒక్కడైనా రాశాడా అంటే అదీ లేదు. పోయినేడు సీనియర్లు వాట్సాప్‌లో వదిలిన పీడీఎఫ్ తీసి అతికించాడు. మొదటి పుటలో నాలుగు పేర్లు, నాలుగు హాల్‌టికెట్ నంబర్లు, కాలేజీ ముద్ర. లోపల ఎవరి బుర్రా కనబడదు. దానికి ఇరవైకి పద్దెనిమిది మార్కులు!

నేను కడప జిల్లాలో జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. కంప్యూటరు పేరెత్తితే మొహం తిప్పుకునే రకం కాదు. ఆ పనిముట్టు ఎంత పని చేయగలదో తెలుసు కాబట్టే నాకీ బాధ. మా రోజుల్లో కలిసి చదవడం ఉండేది, పనిముట్లు లేవు. ఇప్పుడు పనిముట్లు పిల్లల జేబుల్లోకి వచ్చాయి, కలిసి చదవడం పోయింది.

మేము దాన్ని కంబైండ్ స్టడీ అనేవాళ్లం. ఇంగ్లీషు ముక్క రాని మా అవ్వ కూడా ఆ మాట అనేది. ఎస్సెల్సీ పరీక్షలు దగ్గరపడేసరికి, అంటే ఫిబ్రవరి చివర్లో, రాత్రి అన్నాలు తినగానే చాపలు చంకన పెట్టుకుని ఎవరిదో ఒకరి మిద్దె మీదికి చేరేవాళ్లం. మధ్యలో ఒక లాంతరు. ఐదుగురికి కలిపి నోట్సు ఒకటో రెండో. కొనే స్తోమత అందరికీ లేదు మరి. అందుకని ఒకడు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. వింటూ వింటూ ఎవడో ఒకడు "ఆగరా, అదెట్లా?" అనేవాడు. అక్కడే మొదలయ్యేది అసలు చదువు. లెక్కల్లో గట్టివాడు పిట్టగోడ మీద బొగ్గుముక్కతో బొమ్మ గీసి సిద్ధాంతం నిరూపించి చూపాలి. మధ్యలో తడబడితే దిగిపోయి ఇంకొకడికి బొగ్గు ఇచ్చేయాలి. చదివించేవాడికీ చదివేవాడికీ మధ్య గీత ఉండేది కాదు. ఇప్పుడు గురువైనవాడు పది నిమిషాల తర్వాత శిష్యుడు.

ఛందస్సు మీద మాకు జరిగిన తగాదాలు ఇప్పటికీ గుర్తే. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ, పదో అక్షరం యతి. ఇంతవరకు అందరికీ నోటికి వచ్చు. తీరా పద్యం ముందు పెట్టుకుని గణాలు విడదీయబోతే పేచీ వచ్చేది. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు అంటారు సరే, ఆ సంయుక్తాక్షరం పక్క పదం మొదట్లో ఉంటే? గురువే అని ఇద్దరు, కాదని ముగ్గురు. సంస్కృత సమాసమైతే ఒక తీరు, విడి తెలుగు మాటలైతే ఇంకో తీరు అని తేలడానికి అర్ధరాత్రి దాటేది. అప్పటికీ తేలకపోతే పొద్దున్నే అయ్యవారి ఇంటి ముందు నిలబడేవాళ్లం. ఎదుటివాడికి చెప్పబోయినప్పుడే మనకు ఎంతవరకు తెలుసో బయటపడుతుంది. ఏ గైడూ ఆ పని చేయలేదు.

ఆ మిద్దెను నేను ఊరికే పొగడను. దాని మీద ఒక్క ఆడపిల్ల లేదు. మా తరగతిలో మొదటి మార్కు తెచ్చుకునే అమ్మాయి తన ఇంట్లో గోడవైపు తిరిగి ఒంటరిగా చదువుకునేది. ఊరి చివర వాడ నుంచి వచ్చే పిల్లలకు ఆ మెట్లెక్కే వీలే లేదు, ఊరు ఎక్కనిచ్చేది కాదు. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పరీక్ష రాసేవాళ్లమే, రాత్రి చదువు మాత్రం వేర్వేరు. కలిసి చదవడంలో ఉన్న బలం ఆ రోజుల్లో ఇల్లూ కులమూ కుదిరినవాళ్లకే దక్కింది. ఈ విషయం మరిచి మా రోజులు స్వర్ణయుగమని చెప్పేవాళ్లను నేను ఒప్పుకోను.

పిల్లలే పిల్లలకు చెప్పే పద్ధతి మేమేదో కొత్తగా కనిపెట్టింది కాదు. వీధిబడుల్లో ముందు నుంచీ ఉన్నదే. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరి 1789లో మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమానికి పెద్దగా చేరాడు. అక్కడి నాటుబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలోనూ అదే పెట్టించి, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చదువు చెప్పించి, ఆ సంగతి 1797లో లండన్‌లో పుస్తకంగా అచ్చేశాడు. ఇంగ్లండులో బీదపిల్లల బడులు వందలుగా ఆ దారి పట్టాయి, దానికి మద్రాసు పద్ధతి అనే పేరే స్థిరపడింది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఆయన ఇచ్చిన సొమ్ముతో పుట్టిన హైస్కూలు ఇవాళ్టికీ మద్రాస్ కాలేజీ పేరుతోనే నడుస్తోంది.

మా దత్తమండలం సంగతీ రికార్డులో ఉంది. థామస్ మన్రో గవర్నరుగా ఉండగా జిల్లాల్లో బడుల లెక్కలు తీయమన్నాడు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో జిల్లాలో 533 బడులున్నాయని రాశాడు. అనంతపురం అప్పటికి ఆ బళ్లారిలోనే కలిసి ఉంది. ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు చెప్పే ఏర్పాటు చాలా మంచిదని, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనని ఆయన ఒప్పుకున్నాడు. అదే నివేదికలో, పిల్లలు అర్థం తెలియని పద్యాలు వల్లె వేస్తున్నారని తప్పు కూడా పట్టాడు. పద్ధతి మంచిది, వల్లెవేత చెడ్డది. రెండు వందల ఏళ్లలో మనం ఆ మంచిని వదిలిపెట్టి చెడ్డను నిలబెట్టుకున్నాం. నా కడుపుమంట అది.

ఇంటర్మీడియట్ హాస్టళ్లను చూడండి. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు. పక్కవాడితో మాట్లాడితే శిక్ష. వారానికో పరీక్ష, పరీక్షకో ర్యాంకు, ర్యాంకును బట్టి సెక్షను. పక్కవాడికి ఒక లెక్క వివరించి చెబితే వాడు తనకంటే ఒక ర్యాంకు పైకి పోతాడేమోనని భయం పెట్టిన చోట ఏ పిల్లవాడు నోరు విప్పుతాడు? పదహారేళ్ల పిల్లలకు స్నేహితుణ్ణి పోటీదారుగా చూడడం నేర్పించి, ఇంజనీరింగులోకి రాగానే "టీమ్ వర్క్ చేయండి" అని గూగుల్ డాక్స్ లింకు పంపితే వాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగు పేర్లు పెట్టి ఒకడి చేత రాయించుకోవడం వాళ్ల సోమరితనం అనుకునేరు, మనం నేర్పిన చదువే అది.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు నెట్టు చదువు అనే మాట ఇంటింటికీ చేరింది. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి యాదగిరి ఛానల్‌లో, టీశాట్‌లో వేశారు. ఆ గడ్డుకాలంలో అదైనా దొరికింది, తప్పుపట్టను. కానీ ఆ అలవాటు అక్కడే గడ్డకట్టుకుపోయింది. ఆన్‌లైన్ చదువంటే ఒక అయ్యవారు తెరలో మాట్లాడడం, వెయ్యిమంది పిల్లలు నోరు మూసుకుని చూడడం అని స్థిరపడింది. ఒకరు తింటూ ఉంటే చూసేవాడి కడుపు నిండదు. పిల్లవాడు తానే రాయాలి, గీయాలి, దిద్దాలి, ఇంకొకరు దిద్దితే వాదించాలి. నెట్టుకు ఆ శక్తి పుష్కలంగా ఉంది. మనం మాత్రం దాన్ని పెద్ద టీవీగా వాడుకుంటున్నాం.

తిరుపతిలో డిగ్రీ చదివే మా మనవరాలు పోయిన సెలవుల్లో వాళ్ల లెక్చరరు ఒకామె చేయించిన పని చూపించింది. అదీ గూగుల్ డాక్సే. నలుగురు కలిసి రాయాల్సిన వ్యాసమే. అయితే ఆమె ముందే రెండు షరతులు పెట్టింది. ఒకటి, ఎవరి భాగం వాళ్లు రాశాక తక్కిన మూడు భాగాల పక్కనా ప్రశ్నలు రాయాలి, "బాగుంది" అంటే లెక్కలోకి రాదు. రెండు, మార్కులు వేసేముందు ఆమె వెర్షన్ హిస్టరీ తెరిచి చూస్తుంది. ఫైలు మెనూలో ఉండే ఆ ఏర్పాటు సంగతి చాలామంది అయ్యవార్లకే తెలియదు. ఎవరు ఏ రోజు ఏ గంటకు ఏ వాక్యం చేర్చారు, ఎవరు ఏది కొట్టేశారు అన్నది మనిషికో రంగు చొప్పున అక్కడ కనబడుతుంది. నెల రోజుల్లో కొంచెం కొంచెంగా పెరిగిన వ్యాసం ఒక తీరుగా ఉంటుంది. చివరి రాత్రి రెండు గంటలకు ఒక్క దెబ్బన వచ్చి పడ్డ నాలుగు పుటలు ఇంకో తీరుగా ఉంటాయి. అడిగితే యంత్రమే వ్యాసం రాసిచ్చే ఈ రోజుల్లో, పూర్తయిన వ్యాసం కంటే అది తయారైన దారి చూడడమే దిద్దే అయ్యవారికి దిక్కు.

మా మనవరాలు చెప్పిన ఇంకో మాట నాకు ఎంతో నచ్చింది. వాళ్ల జట్టులో ఒక అమ్మాయి క్లాసులో ఎప్పుడూ పెదవి విప్పదట. పల్లె నుంచి వచ్చిన పిల్ల, తన మాటతీరు చూసి నవ్వుతారని జంకు. ఆ అమ్మాయి వ్యాసం పక్కన రాసిన ప్రశ్నలకే మిగతా ముగ్గురూ రెండుసార్లు తమ భాగాలు తిరగరాయాల్సి వచ్చిందట. మా మిద్దె ఎక్కలేకపోయిన మా తరగతి అమ్మాయి నాకు వెంటనే గుర్తుకొచ్చింది. ఆ రోజుల్లో ఇలాంటిది ఒకటి ఉండి ఉంటే మా ఐదుగురికీ ఆమె ఎంత చదువు చెప్పి ఉండేదో! ఇక్కడా ఒక ఇబ్బంది ఉంది. ఇంట్లో ఒకటే ఫోను ఉంటే అది ముందు కొడుకు చేతికి పోతుంది, కూతురికి మిగిలిన వేళ దొరుకుతుంది. ఈ సంగతి లెక్కపెట్టకుండా "రాత్రికల్లా ఆన్‌లైన్‌లో పెట్టండి" అనే అయ్యవార్లంటే నాకు గిట్టదు. ఆ పని బడి వేళల్లో, బడి కంప్యూటర్ల మీద చేయించాలి.

ఇక వికీపీడియా. "వికీపీడియా చూడొద్దు" అని పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులు కొల్లలు. కాపీ కొట్టడానికి చూడొద్దు అంటే సరే. రాయడానికి ఎందుకు వెళ్లకూడదు? తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు లక్షకు పైబడి వ్యాసాలున్నాయి. రాసిందంతా జీతం లేని మామూలు మనుషులు. మన పల్లెలకు చాలావాటికి అక్కడ పేజీలున్నాయి, వాటిలో ఎక్కువ జనాభా లెక్కల అంకెలే. ఊరి పిల్లలు నింపాల్సిన ఖాళీ అది. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఉత్సాహంగా పోయి "మా ఊరి గుడి శ్రీకృష్ణదేవరాయలు కట్టించాడు" అని రాస్తాడు. కాసేపటికి ఆ వాక్యం వెనక "ఆధారం చూపాలి" అని ఎవరో తగిలిస్తారు. ఆధారం ఏది? ఊళ్లో అందరూ అనుకుంటారు సార్! అది చాలదు నాయనా. శాసనం ఉందా, గెజెటీరులో ఉందా, అచ్చయిన పుస్తకంలో ఉందా? వెతకాలి. దొరక్కపోతే వాక్యం పోతుంది. మా కాలంలో అయ్యవారు చెప్పిందే ఆధారం, ఎదురడిగితే బెత్తం. ఇప్పటి పిల్లవాడికి పద్నాలుగేళ్లకే ముక్కూ మొహం తెలియని మనిషి మర్యాదగా "ఎక్కడుందో చూపించండి" అని అడిగే చోటు దొరికింది. అక్కడ అందరూ కూడి మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు, అదీ నాకు సంతోషమే.

ఇలా పదిమంది చేతులు కలవడం కోసం మనవాళ్లు ఎంత తపించారో పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. కడపలో బ్రౌన్ దొర తన బంగళాలో పండితులనూ లేఖకులనూ జీతమిచ్చి పెట్టుకుని, ఒక్కో గ్రంథానికి ఊళ్ల నుంచి తెప్పించిన తాళపత్ర ప్రతులన్నీ ముందు పరచుకుని, ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో పోల్చి రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయింది ఆ శ్రమవల్లే. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు మద్రాసులో కూర్చుని పండితులను కూడగట్టి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. మూడు సంపుటాలు తెచ్చి 1923లో కన్నుమూశారు, పని అక్కడ నిలిచిపోయింది. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పూనుకుని తన సొమ్ము పోశారు. ఒక మనిషి పోతే విజ్ఞాన సర్వస్వమే ఆగిపోయే రోజులవి. ఆ లక్ష్మణరావుగారికి ఇవాళ్టి వికీ ఒక్కటి చేతిలో ఉండి ఉంటే!

నేను తెలుగు పండితుణ్ణి గనక అన్నిటికంటే నాకు ఇష్టమైనది వికీసోర్స్. పాత పుస్తకాలను పుటపుటా తిరిగి టైపు రూపంలోకి తెచ్చే చోటు అది. రచయిత పోయి అరవై ఏళ్లు దాటితే మన చట్టం ప్రకారం ఆ రచన అందరిదీ అవుతుంది. అంటే 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన వీరేశలింగం, లక్ష్మణరావుగారు, అందరివీ. అక్కడ పుట తెరిస్తే ఒకవైపు పాత అచ్చు ఫొటో, ఇంకోవైపు దాన్ని చూసి యంత్రం చదివిన అక్షరాలు కనబడతాయి. యంత్రం తెలుగు చదవడంలో ఇంకా బొక్కబోర్లా పడుతూనే ఉంటుంది. పకు వ చదువుతుంది, మకు య చదువుతుంది, కింద ఒత్తు మింగేస్తుంది. పిల్లవాడు రెండూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం దిద్దాలి. దిద్దని పుట ఎరుపులో ఉంటుంది, దిద్దితే పసుపవుతుంది. ఆకుపచ్చ కావాలంటే మాత్రం వేరే మనిషి మొదటి నుంచి మళ్లీ చదవాలి. పసుపు చేసినవాడే పచ్చ చేస్తానంటే యంత్రం ఒప్పుకోదు. ఈ ఒక్క నియమం పెట్టినవాళ్లకు దండం పెడతాను.

ఆ పనిలో పిల్లవాడికి ఎదురయ్యేది ఊహించండి. "చెఱువు" అని కనబడుతుంది. యంత్రం తప్పు చదివిందనుకుని "చెరువు" అని దిద్దుతాడు. రెండోసారి చదివే పిల్ల ఫొటో దగ్గరగా చూసి, అచ్చులోనే బండి ఱ ఉంది, ఎందుకు మార్చావు అంటుంది. "వాఁడు" పక్కన ఆ అరసున్న ఏమిటో ఇద్దరికీ తెలియదు. మచ్చేమో అనుకుంటారు. నాలుగు పుటలు పోయేసరికి అదే మచ్చ అదే చోట మళ్లీ కనబడుతుంది. అప్పుడు పరుగెత్తుకొస్తారు తెలుగు మాస్టారి దగ్గరికి. శకటరేఫం, అర్ధానుస్వారం అని నేను నల్లబల్ల మీద రాసి ఎన్నేళ్లు చెప్పినా ఒక్కరి చెవికీ ఎక్కలేదు. తన చేతిలోని పుట ఆకుపచ్చ కావాలన్న పంతం వచ్చినప్పుడు మాత్రం ఆ ప్రశ్న పిల్లవాడిదే అవుతుంది. వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో గిలికే పిల్లలు అక్కడ ఒత్తులూ దీర్ఘాలూ టైపు చేయక తప్పదు. వాళ్లు దిద్దిన పుట మార్కులు వేసి మూల పడేసే కాగితం కాదు, అమెరికాలో ఉన్న తెలుగువాడు కూడా రేపు అది చదువుకుంటాడు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఇంగ్లండులో 2004లో మొదలైన పటం ఒకటుంది, అదీ అందరూ కలిసి గీసేదే. సాంఘికశాస్త్రం అయ్యవార్లు దాని మీద పిల్లల చేత సొంత ఊరి వంకలూ కుంటలూ గుర్తు పెట్టించవచ్చు. కేసీ కాలువ పిల్లకాలువలు మా చుట్టుపక్కల ఎక్కడెక్కడ పారుతున్నాయో, ఎక్కడ పూడిపోయాయో ఆ పిల్లలకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

అయ్యవార్లు చేయరెందుకూ అంటారా? వాళ్ల మీదా నాకు కోపం ఉంది, జాలీ ఉంది. పొద్దున హాజరు ఫొటో, మధ్యాహ్నం అన్నం ఫొటో, ఆ తర్వాత ఇంకేదో యాప్‌లో ఇంకేదో ఎక్కించడం. ఉపాధ్యాయుడి చేతికి ఫోను వచ్చింది పాఠం కోసం కాదు, లెక్క అప్పజెప్పడం కోసం. ఆ బరువు కొంత దించి వారానికి రెండు పీరియడ్లు జట్టు పనికి వదలమని పై అధికారులను అడుగుతున్నాను. అడిగి ఊరుకోను కూడా. జూన్‌లో బడులు తెరిచాక ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఏ హైస్కూలు నుంచి పిలుపు వచ్చినా శనివారాలు వస్తాను. నాలుగు కంప్యూటర్లు పనిచేస్తూ నెట్టు ఉంటే చాలు. వికీసోర్స్‌లో ఇంకా ఎరుపులో మిగిలిన ఒక పుస్తకం ముందే చూసి పెడతాను. ఇరవై పుటలు, పదిమంది పిల్లలు, పుటకు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల కావాలి, ఒకరు వెనక బెంచీ నుంచి రావాలి. పిల్లల అసలు పేర్లూ ఫోన్ నంబర్లూ ఎక్కడా పెట్టనక్కర్లేదు, మారుపేర్లతో ఖాతాలు తెరిపిస్తాను. బస్సు ఛార్జీలు నేనే పెట్టుకుంటాను.